సాల్జ్‌బర్గ్‌ని రెండు గంటల్లో "కవర్" చేసేవాళ్లకి ఓ దండం

యూరప్ ప్యాకేజీల్లో ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్‌కి కేటాయించే టైమ్ చూస్తే ఒళ్లు మండుతుంది. పొద్దున్నే వియన్నాలో బస్సెక్కించి, దారిలో సరస్సు ఒడ్డునున్న హాల్‌స్టాట్ ఊరు చూపించి, సాయంత్రం ఇక్కడ రెండు గంటలు వదిలేస్తారు. వియన్నా నుంచి నేరుగా రైల్లో వచ్చినా ఒకవైపే దాదాపు రెండున్నర గంటలు. సాల్జ్‌బర్గ్ నుంచి హాల్‌స్టాట్‌కి సొంతంగా వెళ్తే బస్సు, రైలు, పడవ మారుతూ రెండు గంటల పైమాటే. ఇక ఊరు చూసేదెప్పుడు? గెట్రైడెగాస్సె వీధిలో సంగీతకారుడు మొజార్ట్ పుట్టిన పసుపు ఇంటి ముందు ఓ సెల్ఫీ, మిరాబెల్ తోటలో ఇంకో సెల్ఫీ. అంతే సంగతులు.

అసలు ఈ ఊరిని నిలబెట్టింది మొజార్ట్ కాదు, ఉప్పు. పక్కనే హల్లైన్ దగ్గరి గనుల ఉప్పు డబ్బుతో ప్రిన్స్ ఆర్చ్‌బిషప్‌లు కట్టుకున్న రాజధాని ఇది. మతమూ వాళ్లదే, రాజ్యమూ వాళ్లదే. 1803లో ఆ పాలన పోయింది, 1816లో ఊరు ఆస్ట్రియాకి ఖాయమైంది. మొజార్ట్ ఆర్చ్‌బిషప్ కొలొరెడోతో పొసగక 1781లో కొలువు వదిలేసి వియన్నాలో స్థిరపడ్డాడు. ఇప్పుడేమో ఊళ్లో ప్రతి చాక్లెట్ డబ్బా మీదా ఆయనే!

కాబట్టి ఉన్నది ఒక్క పూటే అయితే ముందు కోట ఎక్కండి. హోహెన్‌సాల్జ్‌బర్గ్ కోటకి 1077లో పునాది పడింది. తెరిచే టైమ్‌కే అక్కడుండాలి. ఆలస్యమయ్యేకొద్దీ టూర్ బస్సుల జనమంతా కింద ఫునిక్యులర్ (తాడుతో కొండెక్కే చిన్న రైలు) దగ్గర పోగవుతారు. అది పైకి చేరడానికి నిమిషం కూడా పట్టదు, సీజన్‌లో క్యూ మాత్రం కదలదు. నడిచి వెళ్తే ఇరవై నిమిషాలు, కానీ ఏటవాలు గట్టిగానే ఉంటుంది. వానలో ఆ రాళ్ల బాట మీద నున్నటి అడుగున్న బూట్లు జారతాయి. ఇది ఆల్ప్స్ అంచున ఉన్న ఊరు, మబ్బులు కొండలకి తగిలి ఇక్కడే కురుస్తాయి. వేసవి అయినా గొడుగు తప్పదు.

నా మాట వింటే ఒక రాత్రి ఉండండి. ఎందుకంటే సాల్జ్‌బర్గ్ కార్డ్ అనే టూరిస్ట్ పాస్ లెక్క తారీఖుతో కాదు, గంటలతో. మొదటిసారి వాడినప్పటి నుంచి 24 గంటలు. మధ్యాహ్నం ఒంటిగంటకి మొదలుపెడితే మర్నాడు ఒంటిగంట దాకా పనిచేస్తుంది. మొదటి పూట 25 నంబర్ బస్సులో హెల్‌బ్రున్ భవనం, మర్నాడు పొద్దున కోట, తర్వాత మొజార్ట్ ఇల్లు. ఫునిక్యులర్, సిటీ బస్సులు అందులోనే. ఒక్కో చోటికి ఒక్కసారే ప్రవేశం, అది గుర్తుంచుకోండి. మూడు గంటల కోసం ఈ కార్డ్ కొనడం మాత్రం డబ్బు దండగ. జూలై ఆఖరు, ఆగస్టు నెలల్లో 1920 నుంచి జరుగుతున్న సంగీత నాటకోత్సవాలు ఉంటాయి, గదుల ధరలు చుక్కలు చూపిస్తాయి.

హెల్‌బ్రున్‌ని ఎందుకు వదిలేస్తారో అర్థం కాదు. ఆర్చ్‌బిషప్ మార్కుస్ సిట్టికుస్ 1610ల్లో కట్టించుకున్న విలాస భవనం అది. తోటలో ఒక రాతి బల్ల, చుట్టూ రాతి పీటలు. ఒక్కో పీట మధ్యలో చిన్న కన్నం. తూము తిప్పగానే కూర్చున్న అతిథికి కింద నుంచి నీళ్లు చిమ్ముతాయి. దొరగారి పీటకి మాత్రం కన్నం లేదు! నాలుగు వందల ఏళ్ల నాటి తుంటరితనం ఇది, మోటారు అక్కర్లేదు, ఊట నీటి వాలే చాలు. ఫోన్ ప్లాస్టిక్ కవర్‌లో పెట్టుకోండి, ఎటునుంచి తడుపుతుందో తెలీదు. చలికాలంలో ఈ ఫౌంటెన్లు మూసేస్తారు.

తిండి సంగతి. శాకాహారులు కాస్నోకెన్ అడగండి, చీజ్‌తో చేసే పిండి ముద్దలు, పైన వేయించిన ఉల్లిపాయ. పైన బేకన్ (పంది మాంసం) ముక్కలు వేయొద్దని ముందే చెప్పాలి. ఫ్రిట్టాటెన్ సూప్‌లో దోసె ముక్కల్లాంటివి తేలుతుంటే మురిసిపోకండి, ఆ రసం మామూలుగా గొడ్డు మాంసానిది. మొజార్ట్ కూగెల్ చాక్లెట్ కొనేటప్పుడు ఎర్ర బంగారు కాగితం ఉన్నవి ఫ్యాక్టరీ సరుకు. 1890లో పాల్ ఫ్యూర్స్ట్ మొదలుపెట్టినవి వెండి మీద నీలం కాగితంలో ఉంటాయి, ఇప్పటికీ చేత్తోనే చేస్తారు.

మ్యూనిక్‌లో చదువుకునే మన పిల్లలకి: డాయిచ్‌లాండ్ టికెట్ (జర్మనీ అంతటా చెల్లే నెలవారీ పాస్), బయర్న్ టికెట్ (బవేరియా రాష్ట్రపు ఒకరోజు టికెట్) రెండూ సాల్జ్‌బర్గ్ మెయిన్ స్టేషన్ దాకా చెల్లుతాయి, అదీ రీజనల్ రైళ్లలోనే. పొరపాటున రైల్‌జెట్ అనే ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఫైన్ కట్టాలి. సోమవారం నుంచి శుక్రవారం దాకా బయర్న్ టికెట్ పొద్దున తొమ్మిది తర్వాతే. స్టేషన్ దాటాక సిటీ బస్సుకి ఆ టికెట్లు పనికిరావు. తిరిగొచ్చేటప్పుడు జర్మనీ పోలీసులు సరిహద్దులో రైలెక్కి తనిఖీ చేస్తుంటారు. పాస్‌పోర్ట్, రెసిడెన్స్ పర్మిట్ రెండూ ఒరిజినల్స్ చేతిలో ఉండాలి, ఫోన్‌లో ఫోటో చూపిస్తే కుదరదు.