కంప్యూటర్ సలహా ఎవరి పక్షాన?

నడుం నొప్పి అని వెళ్లిన మనిషికి తొలిరోజే ఎంఆర్‌ఐ రాస్తే, అది నిజంగా కావాలా అని అడిగేవారు ఉండరు. రోగికి అడిగే ధైర్యం చాలదు. బీమా కంపెనీ అడిగినా, అది బిల్లు వెళ్లాకే. డాక్టర్ పరీక్ష రాస్తుండగానే రోగి వయసు, లక్షణాలు, పాత రిపోర్టులు చూసి ‘ఇది ఇప్పుడు అవసరమా?’ అని తెరమీద అడిగే సాఫ్ట్‌వేర్లు చాలాకాలంగా ఉన్నాయి. వాటితో వృథా వైద్యాన్ని, దాంతోపాటు ఖర్చును తగ్గించవచ్చన్నది మంచి ఆలోచనే.

తెలుగు రాష్ట్రాలకు ఈ అవసరం ఎక్కువ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. అక్కడి ప్రైవేటు ఆస్పత్రుల్లో అది 81.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో మొత్తం 42.4, ప్రైవేటులో 63. దేశ సగటేమో 21.5. గర్భసంచి తొలగింపుల్లోనూ మనం చాలా ముందున్నాం. ఇంత తేడాను జబ్బులతో వివరించలేం. ఇందులో అలవాటు ఉంది, డబ్బు ఆశ ఉంది, ముహూర్తం చూసి కాన్పు చేయమని పట్టుబట్టే కుటుంబాల పాత్రా ఉంది. అనవసరంగా గర్భసంచులు తీసేస్తున్న కేసులో 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలులోకి తేవాలని రాష్ట్రాలను ఆదేశించింది. కానీ మార్గదర్శకం ఫైల్లో ఉంటే సరిపోదు, డాక్టర్ ఆపరేషన్ రాసే చోట కనిపించాలి.

అయితే సాఫ్ట్‌వేర్ పెట్టగానే పని జరగదని అమెరికా అనుభవం చెబుతోంది. వృద్ధుల బీమా పథకం మెడికేర్‌లో సీటీ, ఎంఆర్‌ఐ వంటి స్కాన్లు రాసేముందు డాక్టర్లు ఇలాంటి సాఫ్ట్‌వేర్‌ను సంప్రదించాలని 2014లో చట్టం చేశారు. అమలును వాయిదా వేస్తూ వచ్చి, 2020లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టి, చివరకు 2024 జనవరి నుంచి పక్కన పెట్టేశారు. సంప్రదించినట్లు ప్రతి బిల్లులోనూ రుజువు చూపాలన్న షరతే దాన్ని ముంచింది. ఆ రుజువులను సరిగ్గా పట్టుకోవడం బిల్లుల యంత్రాంగానికి సాధ్యం కాలేదు.

అంతకంటే భయపడాల్సిన ఉదంతం ప్రాక్టీస్ ఫ్యూజన్‌ది. రోగుల రికార్డుల సాఫ్ట్‌వేర్ అమ్మే ఈ కంపెనీ, వ్యసనంగా మారే ప్రమాదమున్న ఓపియాయిడ్ నొప్పి మాత్రల తయారీదారు నుంచి దాదాపు 10 లక్షల డాలర్లు తీసుకుని, ఆ మందుల వాడకం పెరిగేలా తెరమీద సూచనలు చొప్పించింది. డాక్టర్లు అవి శాస్త్రం చెప్పిన సలహాలే అనుకున్నారు. 2020లో ఆ కంపెనీ 14.5 కోట్ల డాలర్లు కట్టి కేసు తేల్చుకుంది. ఖర్చు తగ్గించాలనుకునే బీమా సంస్థ చేతిలో పెడితే ఇదే పనిముట్టు తిరగబడి, కావాల్సిన వైద్యాన్నీ ఆపగలదు. అందుకే సాఫ్ట్‌వేర్ ఎంత తెలివైనదన్న చర్చ కంటే, దానిలోని నియమాలు ఎవరు రాశారన్నది మాకు ముఖ్యంగా కనిపిస్తోంది.

ఇక డాక్టర్ల విసుగు. ప్రతి చిన్నదానికీ హెచ్చరిక మోగితే ఎవరైనా చదవకుండానే మూసేస్తారు. మందుల భద్రతకు సంబంధించిన హెచ్చరికల్లో 49 నుంచి 96 శాతం దాకా డాక్టర్లు పక్కన పెట్టేస్తున్నారని 2006లో వచ్చిన ఒక సమీక్ష తేల్చింది. ఓపీ ముందు క్యూ గుమ్మం దాటే మన ప్రభుత్వాస్పత్రుల్లో ఆ ఓపిక ఇంకా తక్కువే ఉంటుంది.

ఆరోగ్యశ్రీలో ముందస్తు అనుమతి పద్ధతి ఇప్పటికే ఉంది. కానీ ఆస్పత్రి ఆపరేషన్ నిర్ణయించి కాగితాలు పంపాకే ప్యానెల్ డాక్టర్లు చూస్తారు. ‘ఇది అవసరమా?’ అన్న ప్రశ్న అంతకు ముందే, డాక్టర్ తెరమీద రావాలి. భారత వైద్య పరిశోధన మండలి ప్రామాణిక చికిత్సా క్రమాలు 2019 నుంచీ విడుదల చేస్తోంది. వాటి ఆధారంగా గర్భసంచి తొలగింపు, సిజేరియన్, ఎంఆర్‌ఐ, ఈ మూడింటితో మొదలుపెడితే చాలు. సాఫ్ట్‌వేర్ సలహాను కాదనే స్వేచ్ఛ డాక్టర్‌కు ఉండాలి, కారణం మాత్రం ఒక్క లైనులో నమోదు కావాలి. ఆ కారణాలను వ్యక్తిగత శిక్షలకు వాడకుండా, ఆస్పత్రుల వారీగా ఆడిట్ చేయాలి. అవసరమైన పరీక్ష రాయకపోయినా సాఫ్ట్‌వేర్ గుర్తుచేయాలి. బీపీ, షుగర్ చూడకుండానే పంపేస్తున్న పేషెంట్లు ఎందరో మనకు తెలియనిది కాదు. రెండు ప్రభుత్వాలూ టెండర్ పిలిచేముందే, నియమాలన్నీ వెబ్‌సైట్లో బహిరంగంగా పెట్టాలని, వాటిని రాసినవారికి ఏ మందుల కంపెనీతో, బీమా సంస్థతో, కార్పొరేట్ ఆస్పత్రుల చైన్‌తో లావాదేవీలున్నాయో ప్రకటించాలని షరతు పెట్టాలి.