యూరప్ పెత్తనానికి ఆచార్యుల వత్తాసు

వలస పాలన ముగిసి దశాబ్దాలు గడిచినా, ఏది జ్ఞానం, ఏది కాదు అని తేల్చే అధికారం ఇప్పటికీ పశ్చిమ యూరప్, ఉత్తర అమెరికా విశ్వవిద్యాలయాల చేతుల్లోనే ఉంది. దీనికి సామ్రాజ్యవాదాన్ని నిందించడం న్యాయమే కానీ అక్కడితో ఆగిపోవడం న్యాయం కాదు. పాఠ్యప్రణాళికలు రాస్తున్నదీ, పరిశోధనా పత్రాలను మదింపు చేస్తున్నదీ, ఎంపిక సంఘాల్లో కూర్చుంటున్నదీ ఏ గవర్నర్ జనరలూ కాదు, ఆచార్యులే. ఈ పెత్తనం వారి రోజువారీ పని వల్లనే బతుకుతోంది.

మలేసియా సామాజిక శాస్త్రవేత్త సయ్యద్ హుస్సేన్ అలటాస్ ఈ భావదాస్యాన్ని 1972లోనే విశ్లేషించి, సొంతంగా ప్రశ్న వేయలేక అరువు ప్రశ్నలకే జవాబులు వెతికే ఇలాంటి బుద్ధిని 'బందీ మనస్సు' అన్నారు. బెనిన్ తత్వవేత్త పాలిన్ హౌంటొంజీ దీని వెనుక ఉన్న శ్రమవిభజనను బయటపెట్టారు. ఆఫ్రికా నుంచి క్షేత్ర సమాచారం ముడిసరుకులా వెళ్తుంది, సిద్ధాంతం యూరప్‌లో తయారవుతుంది, దాన్నే మళ్లీ ఆఫ్రికా విద్యార్థి వల్లె వేస్తాడు.

మనస్తత్వశాస్త్రాన్నే చూడండి. 2003 నుంచి 2007 వరకు ఆ రంగంలోని ఆరు ప్రముఖ అమెరికన్ జర్నళ్లను పరిశీలిస్తే, అధ్యయనాల్లో పాల్గొన్నవారిలో 96 శాతం పాశ్చాత్య పారిశ్రామిక దేశాలవారేనని తేలింది. ఆ దేశాల జనాభా ప్రపంచంలో 12 శాతం మాత్రమే. అయినా అమెరికన్ కళాశాల విద్యార్థులపై జరిగిన ప్రయోగం మానవ స్వభావంపై నిర్ధారణగా అచ్చవుతుంది, కెన్యా రైతులపై జరిగినది మాత్రం కెన్యాకు సంబంధించిన అధ్యయనంగానే మిగులుతుంది. నైజీరియాలోని లాగోస్ నగర జీవితంపై రాసిన వ్యాసంలో ఫ్రెంచ్ తత్వవేత్త ఫూకో ప్రస్తావన లేకపోతే సైద్ధాంతిక పునాది లేదంటూ తిప్పిపంపే సమీక్షకులు, పారిస్ గురించి రాసినవారిని ఉత్తర ఆఫ్రికా అరబ్ చరిత్రకారుడు ఇబ్న్ ఖల్దూన్‌ను చదివారా అని అడగరు. రాజ్యాల ఉత్థానపతనాలకు సామాజిక కారణాలను ఆయన 1377లోనే వెతికినా, సామాజిక శాస్త్ర పాఠం నేటికీ ఎక్కువచోట్ల యూరప్ ఆలోచనాపరులైన మార్క్స్, వెబర్, దుర్ఖైమ్‌లతోనే మొదలవుతుంది. ఆ సమీక్షకుల్లో ఆసియా, ఆఫ్రికా దేశాలవారూ ఉండటమే నన్ను అన్నింటికంటే కలవరపరిచే విషయం.

జ్ఞానానికి ఖండాలు లేవనీ, ఈ విమర్శ చివరికి ప్రాచీన వైభవపు గొప్పలకు దారితీస్తుందనీ కొందరు అంటారు. రెండో భయంలో నిజముంది. కానీ 'యూరప్ కంటే ముందే మాకు తెలుసు' అనేవారు కూడా యూరప్‌నే కొలబద్దగా ఒప్పుకుంటున్నారు. ఇక జ్ఞానం నిజంగా అందరిదే అయితే, దాని సిద్ధాంతకర్తలు కొన్ని దేశాల నుంచే ఎందుకు వస్తున్నారు?

దీనికి జవాబు పదోన్నతుల నిబంధనల్లో దొరుకుతుంది. పరిశోధనా పత్రికల ఏ సూచీలో ఉన్న జర్నల్‌లో అచ్చయిందన్నదే అర్హత అయినప్పుడు, యువ పరిశోధకులు తమ సమాజానికి అవసరమైన ప్రశ్నను వదిలి, దూరాన ఉన్న సంపాదకుడికి నచ్చే ప్రశ్నను ఎంచుకుంటారు. ప్రముఖ విజ్ఞాన పత్రిక 'నేచర్'లో ఒక వ్యాసాన్ని అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంచడానికి రచయితల వైపు నుంచి చెల్లించాలని 2020లో ప్రకటించిన రుసుము 9,500 యూరోలు. ప్రజల పన్నులతో నడిచే పరిశోధన ఫలితాన్ని ఆ ప్రజల భాషలో చెప్పినందుకు మాత్రం చాలాచోట్ల ఒక్క పాయింటు కూడా రాదు. ప్రభుత్వ విశ్వవిద్యాలయం ఎవరికి జవాబుదారీ అన్న పెద్ద ప్రశ్న నుంచి యూరప్ కేంద్రిత దృష్టిని విడదీసి చూడలేం.

మార్పు అసాధ్యమేమీ కాదు. 1968లో కెన్యాలోని నైరోబీ విశ్వవిద్యాలయ కళాశాలలో రచయిత గూగీ వా థియాంగో, మరో ఇద్దరు అధ్యాపకులు ఇంగ్లిష్ విభాగాన్ని రద్దు చేసి, ఆఫ్రికా సాహిత్యాన్ని కేంద్రంలో నిలపాలని కోరారు, ఆ విభాగం స్వరూపమే మారింది. బ్రెజిల్‌లో 1990ల చివర్లో మొదలైన సైయెలో (SciELO) అనే ఆన్‌లైన్ వేదిక, లాటిన్ అమెరికా జర్నళ్లను పోర్చుగీసు, స్పానిష్ భాషల్లో ఉచితంగా చదివే వీలు కల్పించింది. పాఠ్యప్రణాళికా సంఘాలూ, పదోన్నతుల సంఘాలూ ఆచార్యుల చేతుల్లోనే ఉన్నాయి. స్థానిక భాషలో వచ్చిన పరిశోధనకు సమాన విలువ ఇస్తూ తీర్మానం చేయడానికి వారికి ఏ విదేశీ విశ్వవిద్యాలయం అనుమతీ అక్కర్లేదు.