కార్డు మీది తేదీ ఒక్కటే చూస్తే ఎలా?

కొత్తగా పెళ్లయినవాళ్లకు అమెరికా ఇచ్చే కండిషనల్ గ్రీన్‌కార్డు గడువు రెండేళ్లే. అది తీరే ముందు 90 రోజుల్లో, ఆ కండిషన్ తీసేయమని కోరే ఐ-751 దరఖాస్తు వేయాలి. వేశాం. కార్డు ఇంకో 48 నెలలు చెల్లుతుందని రసీదు ఉత్తరం కూడా వచ్చింది.

అయినా అమ్మను చూసి అమెరికాకు తిరుగు ప్రయాణంలో హైదరాబాద్ చెకిన్ కౌంటర్‌లో అదే గొడవ. ఉత్తరంలో ఆ లైను వేలు పెట్టి చూపించినా, "కార్డు ఎక్స్‌పైర్ అయిపోయింది కదండీ" అంటారు. సూపర్‌వైజర్ వచ్చి, ఉత్తరం ఫొటో తీసి ఎవరికో పంపి, జవాబు వచ్చేదాకా పక్కన నిలబెట్టారు. వెనక క్యూ అంతా నన్ను దొంగలా చూస్తోంది. చంకలో పిల్లాడు ఒకటే ఏడుపు.

ఈ 48 నెలల పొడిగింపు 2023 జనవరి నుంచి ఉంది. రోజూ అమెరికా విమానం ఎక్కించేవాళ్లకే తెలియకపోతే ఎలా? ఇక ఆ దరఖాస్తు తాలూకు వేలిముద్రల అపాయింట్‌మెంట్ ఎప్పుడు పడుతుందోనన్న టెన్షన్‌తో అమ్మ దగ్గర నాలుగు రోజులు నిమ్మళంగా ఉన్నదీ లేదు.