బిగ్ బెండ్ వేడినీళ్ల గుంటకు టంగుటూరు పొగాకు రైతు ఉత్తరం

మహారాజశ్రీ అమెరికా దేశం, టెక్సాస్ రాష్ట్రం, బిగ్ బెండ్ నేషనల్ పార్కులో వేంచేసి ఉన్న వేడినీళ్ల గుంట గారికి,

టంగుటూరు పక్క పల్లె నుంచి ఒక పొగాకు రైతు రాసుకునేది. ఉభయ కుశలోపరి. ఇక్కడ రోహిణి కార్తె నడుస్తోంది కాబట్టి మా కుశలం ఏపాటిదో మీరే అర్థం చేసుకోవాలి.

నన్ను గుర్తుపట్టారా? పోయిన డిసెంబరులో లుంగీ కట్టుకుని, భుజాన తువ్వాలు, చేతిలో సబ్బుపెట్టెతో మీ గట్టు మీద నిలబడ్డది నేనే. స్నానం అన్నారు కదా అని సబ్బు తెచ్చాను. మావాడు అటూ ఇటూ చూసి దాన్ని లాక్కుని బ్యాగులో దాచేశాడు. "నాన్నా, ఇక్కడ సబ్బు వాడకూడదు. ఊరికే కూర్చోవాలి" అన్నాడు. ఊరికే కూర్చోవడానికి ముందురోజు చీకటితో డల్లాస్‌లో బయలుదేరి పొద్దుగూకేదాకా కారులో కూర్చున్నాం. పార్కు గేటు దగ్గర బండికి 30 డాలర్లు కట్టాం. ఆఖరున కొండ అంచు వెంట ఒక్క కారు పట్టే మట్టిదారి. "మన పొలం డొంక ఇంతకన్నా నయం గదయ్యా" అంది మా ఆవిడ. కారు దిగాక మళ్లీ నడక. చుట్టూ రాళ్లు, జెముడు, ముళ్లపొదలు. "మావయ్యా, వ్యూ చూడండి" అని కోడలు ఫోను పట్టుకుని వీడియో తీస్తోంది. చూశాను. మేకలు కూడా లేవు.

మీ దర్శనం అయ్యాక నాకు కొంచెం జాలి వేసిందని చెప్పుకోవాలి. ఎప్పటిదో రాతి స్నానాలగది, గోడలు పోయి పునాది మిగిలింది. ఆ పునాదిలో మీరు. పక్కనే రియో గ్రాండే నది, దాని అవతలి గట్టు మెక్సికో. నదికి వరదొస్తే మీరు కూడా మునిగిపోతారట. మా పాత బ్యారన్, అదే పచ్చి పొగాకును వేడితో ఎండబెట్టే గది, కూలినప్పుడు కూడా సరిగ్గా ఇంతే మిగిలింది. మేమైతే ఆ రాళ్లు తీసి గొడ్లసావిడికి వాడుకున్నాం. టోపీ పెట్టుకున్న రేంజర్లను కాపలా పెట్టవచ్చని అప్పట్లో మాకు తోచలేదు.

"105 డిగ్రీలు నాన్నా, ఫారన్‌హీట్‌లో" అంటూ మావాడు దాన్ని సెల్సియస్‌లోకి మార్చబోయాడు. అక్కర్లేదురా అన్నాను. వాడు పుట్టకముందు నుంచీ నాకు ఫారన్‌హీట్‌తోనే కాపురం. బ్యారన్‌లో పచ్చాకు కర్రలకెత్తి తలుపు మూశాక, మొదట 95, 100 మధ్య పెట్టి ఆకును పసుపు రంగుకు తిప్పాలి. అది దాటాక మెల్లగా పెంచుతూ రంగు నిలపాలి, తర్వాత ఆకు ఎండాలి, చివర ఈనె ఎండేసరికి 160 దాకా పోవాలి. ఐదారు రోజులు. రాత్రిళ్లు గంటకోసారి లేచి, టార్చి వేసి, కిటికీలోంచి థర్మామీటర్ చూడాలి. తొందరపడి కట్టె ఎక్కువ తోస్తే ఆకు మాడుతుంది. ఒక్క ఆకు జారి పొయ్యి వేడికి కాలే గొట్టం మీద పడిందా, బ్యారన్ మొత్తం బూడిద. ఆ వేడి దగ్గర నేను 30 ఏళ్లు కాపలా పడుకున్నాను. ఎవరూ వచ్చి ఇది రిలాక్సేషన్ అని చెప్పలేదు.

అందుకని మీలో మెడదాకా దిగి కూర్చోగానే నాకు అనిపించింది ఇదీ: 105 అంటే పసుపు దశ దాటినట్టే, రంగు నిలిచే దగ్గర ఉన్నాను. నా పక్కన నలుగురు తెల్లవాళ్లు కళ్లు మూసుకుని ఉన్నారు. వాళ్లు అప్పటికే ఎర్రబడ్డారు. మా బ్యారన్‌లో అయితే ఈపాటికి కట్టె వెనక్కి లాగేవాళ్లం. పొగాకు వేలం కేంద్రంలో ఆ రంగు ఆకు బేలుకు మంచి రేటు రాదు.

మా ఆవిడ మాత్రం మిమ్మల్ని గంగమ్మ కిందే లెక్కవేసింది. చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని మోకాళ్లదాకా దిగి, మూడు దోసిళ్లు నెత్తిన చల్లుకుంది. పసుపు కుంకుమ వెయ్యనివ్వలేదని ఇప్పటికీ కొడుకు మీద కోపం.

గుంట గారూ, మీ చరిత్ర కూడా చెప్పించుకున్నాను. 1909లో లాంగ్‌ఫర్డ్ అనే ఆయన చిన్ననాటి మలేరియా దెబ్బ తగ్గక ఈ ఎడారికొచ్చి, 21 రోజులు మీలో మునిగి తేరుకున్నాడట. ఆ తర్వాత స్నానాలగది కట్టి మనిషికి రోజుకు 10 సెంట్లు, 21 రోజుల వైద్యం మొత్తానికి 2 డాలర్లు పెట్టాడట. నేను వేళ్ల మీద లెక్కేశాను. రోజువారీగా కడితే 2 డాలర్ల 10 సెంట్లు. అంటే మూడు వారాలు ఉడికినందుకు తగ్గింపు 10 సెంట్లు. ఒంగోలు బట్టల కొట్టులో ఇంత తగ్గిస్తామంటే మా ఆవిడ చెప్పులు వేసుకుని బయటికొచ్చేస్తుంది. ఆయనకు మలేరియా తగ్గిందో లేదో గాని వ్యాపారం మాత్రం బాగా ఒంటబట్టింది.

మీ నీళ్లలో ఖనిజాలున్నాయి, కీళ్లకు మంచిదన్నాడు మావాడు. ఇక్కడ నాకు నవ్వు రాలేదు. మా అక్కను కనిగిరి వైపు ఇచ్చాం. వాళ్ల బోరు నీళ్లలోనూ ఖనిజమే, పేరు ఫ్లోరైడ్. అది తాగి ఆ ఊరి పిల్లల పళ్లు గారపట్టాయి, మా అక్క నడుం వంగింది. ఆ నీళ్లకు టికెట్టు లేదు, ముందు బెంచీలు లేవు. తాగే నీళ్లు క్యాన్లలో కొనుక్కుంటారు.

ఇంకోమాట విన్నాను. మీ నీళ్లు వేల ఏళ్లనాటి వానట. నేలలోకి ఇంకి, లోపల కాగి, ఇప్పుడు పైకొస్తున్నాయట. పోయినవి మళ్లీ చేరవట. మోటారు లేదు, కరెంటు లేదు, రాత్రీ పగలూ పారి నదిలో కలుస్తున్నారు. మా బావ పొలంలో బోరు వేసే రిగ్గు లారీ నిలబడితే, "ఇంకో వంద అడుగులు పోదాం" అని రిగ్గువాడు అనడం, మా బావ తలూపడం. అలా తలూపి తలూపి నాలుగు బోర్లు. నాలుగోదానిలో పైకొచ్చింది తెల్ల దుమ్ము. మీరలా ధారాళంగా పారిపోతుంటే దోసిలి అడ్డం పెట్టబోయాను. కోడలు అది యోగాసనం అనుకుని ఫొటో తీసింది.

సంక్రాంతికల్లా ఆకు కొట్టే పని మొదలవుతుంది గనుక, పంట తమ్ముడికి అప్పగించి వచ్చినవాణ్ని, వెంటనే తిరిగొచ్చేశాను.

ఇప్పుడు అసలు సంగతి. నిన్న మధ్యాహ్నం రెండింటికి కాళ్లు కడుక్కుందామని కుళాయి తిప్పి, తిప్పినంత వేగంగా కాలు వెనక్కి తీసుకున్నాను. డాబా మీద వెయ్యి లీటర్ల నల్ల ట్యాంకు. అనుమానం వచ్చి బ్యారన్ థర్మామీటర్ తెచ్చి బకెట్లో ముంచాను. 108. మీకన్నా మూడు ఎక్కువ. వెంటనే మావాడికి వీడియో కాల్ చేసి చూపించాను. అక్కడ అర్ధరాత్రి దాటింది. నిద్రకళ్లతో చూసి, "నాన్నా, అందులో మినరల్స్ ఉండవు కదా" అన్నాడు.

కాబట్టి మీ రేంజర్లకు నా మనవి. మీ వాళ్లెవరికైనా సెలవులుంటే మే నెలలో ఇటు పంపండి. మనిషికి రోజుకు 10 సెంట్లే తీసుకుంటాను. 21 రోజులుంటే 2 డాలర్లు. సబ్బు వాడుకోవచ్చు.

మా ఆవిడ పొద్దున్నే పట్టి వేపచెట్టు నీడన పెట్టిన నీళ్లు చల్లారాయట, పిలుస్తోంది. కరెంటు కూడా పోయింది. ఉంటాను.

ఇట్లు,
సబ్బుపెట్టె రైతు