పంతంగి టోల్‌గేటు గారికి కృతజ్ఞతా పత్రం

మహారాజశ్రీ పంతంగి టోల్‌గేటు గారి సముఖమునకు,

కూకట్‌పల్లి నుంచి, పండక్కి వెళ్లడానికి ఊరంటూ లేని ఒక అభిమాని నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

భోగి ముందు రోజుల్లో ఏ ఛానల్ పెట్టినా, హైదరాబాద్-విజయవాడ హైవే మీద కొలువైన తమరి దర్శనమే. కిలోమీటర్ల కొద్దీ కార్ల బారు, అద్దం దించిన పెద్దమనిషి మూతి ముందు మైకు, "ఎన్ని గంటలైనా ఊరెళ్లాల్సిందేనండీ" అని ఆయన జవాబు. ఆ మాట విన్నప్పుడల్లా నా కళ్లు చెమరుస్తాయి. వెళ్లండి నాయనా, వెళ్లండి! విజయవాడ వైపు గేట్లు ఎక్కువ తెరిచి మరీ తమరు వాళ్లను సాగనంపుతారు. ఇక్కడ నేను నడిరోడ్డు మీద ఆగి చెప్పుల వారు సరిచేసుకోగలుగుతాను. హారన్ మోత ఉండదు. మేడ మీద గాలిపటం తెగినప్పుడు పిల్లలు "అఫా" అని వేసే కేక తప్ప వేరే గోల లేదు.

తిరుగు ప్రయాణంలో తమరు చేసే మేలు ఇంకా గొప్పది. 2021 ఫిబ్రవరిలో ఫాస్టాగ్ తప్పనిసరి చేసినప్పుడు, ఇక కనుమ మర్నాడే అందరూ రయ్యిన వచ్చి పడతారని బెంగపడ్డాను. తమరు నా నమ్మకం నిలబెట్టారు. అక్కడ తమరు ఆపిన ప్రతి గంటా ఇక్కడ నాకు ఇంకో కథ.

కథ అంటే గుర్తొచ్చింది. డిసెంబరులో ఎన్టీఆర్ స్టేడియం పుస్తక ప్రదర్శనలో మోయలేనన్ని కొన్నాను, డిస్కౌంటు చూసి. ట్రాఫిక్‌లో ప్రాణం పోతుంటే చదువెక్కడిది అని ఏడాదంతా చెప్పే సాకు కూడా తమరికి టోలు కట్టి వెళ్లిపోయింది కాబట్టి, ఇక తెరవక తప్పలేదు. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు దాటితే గానీ బెజవాడ రానట్టు, మన పుస్తకాల్లో ముందుమాట, ఆప్తవాక్యం, నా మాట దాటితే గానీ కథ రాదు. అక్కడ ఫాస్టాగ్ కూడా పనిచెయ్యదు. మూడో పెద్దాయన రచయితను పొగడటం పూర్తిచేసేసరికి నాకు ఆకలేసింది.

అసలు చిక్కు అక్కడే వచ్చింది, టోల్‌గేటు గారూ. కర్రీ పాయింట్ షట్టర్ దించి ఉంది. "పండగ తర్వాత తెరుస్తాం" అని కాగితం. టిఫిన్ సెంటర్ పెనం బోర్లించి ఉంది. యాప్ తెరిస్తే డెలివరీ కుర్రాళ్లు ఎవరూ ఖాళీగా లేరట. ఖాళీ ఏమిటి, బైకు మీద తమరి పక్కనుంచే ఊరెళ్లి ఉంటారు. వంటావిడ గోదావరి జిల్లాకు, వాచ్‌మన్ శ్రీకాకుళానికి. నాకు గిట్టని జనాన్ని తీసుకెళ్లమంటే, నన్ను మేపే జనాన్ని కూడా అదే వరసలో ఎక్కించుకుపోయారేమిటండీ?

దిక్కు ఇరానీ హోటలే. పాలు వేరే, డికాక్షన్ వేరే మరిగించి కప్పులో కలిపే ఆ చాయ్, రెండు ఉస్మానియా బిస్కట్లు, టేబుల్ మీద పుస్తకం. కౌంటర్ దగ్గరాయన లేవమనలేదు. రెండు పూటలు అలా గడిచాయి గానీ బిస్కట్లతో బతికే వయసు కాదు. ఇంట్లో ముద్దపప్పు చేసుకుని ఆవకాయ కలిపాను. కుడి చెయ్యి కంచంలో, ఎడమ చెయ్యి పుస్తకం మీద. నలభయ్యో పేజీలో నూనె మరక నాది కాదు, ఆవకాయది.

కనుమ నాడు మినుము తినాలంటారు. గారెలు వేసి పెట్టే పక్కింటి పిన్నిగారు కూడా తమరి ఖాతాలోనే ఉన్నారు.

కావున తమరికి నా విన్నపం. తిరుగు వరసలో కర్రీ పాయింట్ ఓనరు గారి వ్యాను కనబడితే దయచేసి ముందు వదలండి. వెనక సీట్లో పిన్నిగారు, ఒళ్లో అరిసెల డబ్బా ఉన్న కారుకు అంబులెన్సు దారి ఇచ్చినా తప్పులేదు. మా మేనేజరు గారి తెల్ల కారు మాత్రం ఫాస్టాగ్‌లో బ్యాలెన్సు చాలదని చెప్పి పక్కన పెట్టించండి. ఇంకా రెండు పుస్తకాలున్నాయి.

ఇట్లు,
తమరి విధేయుడు