గంట పదిసార్లు కొడితే బాకీ తీరినట్టేనా?

2023 ఆగస్టులో, చంద్రయాన్ సంబరంలో బెంగళూరు ఇంకా తేలిపోతుండగానే, శుక్రవారం తెల్లవారేసరికి మారతహళ్లి, బీటీఎం లేఅవుట్ పీజీల్లో ఉండే మన తెలుగు కుర్రాళ్ల వాట్సాప్ స్టేటస్‌లు మారిపోయాయి. చేతిలో లాంతరు, గుబురు గడ్డం, అందరి ఫోన్లలో అదే ఫొటో. అమెరికా రెజ్లర్ బ్రే వ్యాట్ పోయాడు. అసలు పేరు విండమ్ రొటుండా. వయసు 36. 2023లో కోవిడ్ సోకి, ఉన్న గుండె సమస్యను ముదరబెట్టిందని రెజ్లింగ్ విలేకరులు చెప్పారు. మరుసటి రోజు డబ్ల్యూడబ్ల్యూఈ అనే అమెరికా రెజ్లింగ్ సంస్థ వారం వారం వేసే టీవీ షో స్మాక్‌డౌన్ మొదలవగానే తోటి రెజ్లర్లంతా వేదిక మీద తలలు వంచుకుని నిలబడ్డారు. పోయినవాడికి నివాళిగా గంట పదిసార్లు మోగింది. అభిమానులు అతని కోసం ఎప్పుడూ చేసినట్టే హాలంతా ఫోన్ లైట్లు వెలిగించారు. ఇక్కడ పొద్దున్నే లేచి టీవీ ముందు కూర్చున్నవాళ్ల కళ్లూ తడిశాయి.

ఈ ఏడుపును వెక్కిరించేవాళ్లు ఎలాగూ ఉంటారు. అదంతా ఉత్తుత్తి కుస్తీ, ముందే రాసుకున్న నాటకం, దానికింత బాధేమిటంటారు. గెలుపోటములు ముందే రాసుకుంటారన్నది నిజమే. పదడుగుల ఎత్తు నుంచి వెల్లకిలా పడినప్పుడు నడుముకు తగిలే దెబ్బను మాత్రం ఎవరూ రాసి తప్పించలేరు. తొంభైల్లో, రెండువేల తొలి ఏళ్లలో మన ఊళ్లలో పెరిగిన పిల్లలకు రెజ్లర్ల బొమ్మలున్న ట్రంప్ కార్డులే లెక్కల పుస్తకం. ఎవరి ఎత్తెంత, ఎవరి బరువెంత, ఎవరి ర్యాంకెంత అన్నీ నోటికే. అండర్‌టేకర్ ఏడుసార్లు చచ్చి బతికాడని ప్రమాణాలు చేసి నమ్మించిన అన్నయ్యలు ప్రతి వీధిలోనూ ఉండేవారు. ఆ పిల్లలే ఇప్పుడు ఇక్కడ కోడ్ రాస్తున్నారు, క్యాబ్‌లు నడుపుతున్నారు, మెస్‌లు పెట్టుకున్నారు. వాళ్ల దుఃఖం నిజమైనదే. దాంతో మాకు పేచీ లేదు.

మాకు ఒళ్లు మండింది వేరేచోట. బ్రే వ్యాట్ మరణవార్తను లోకానికి చెప్పింది డబ్ల్యూడబ్ల్యూఈ పెద్దల్లో ఒకరైన ట్రిపుల్ హెచ్. ఆ ప్రకటనలో అతణ్ని జీవితాంతం తమ కుటుంబ సభ్యుడని చెప్పుకున్నారు. జీవితాంతమట! 2021 జులై 31న ఇదే సంస్థ ఇదే మనిషిని ఉద్యోగం నుంచి పీకేసింది. బడ్జెట్ కోతలన్నది అప్పట్లో వినిపించిన కారణం. ఆ ఏడాది ఆ సంస్థ ఆదాయం సుమారు 109 కోట్ల డాలర్లు. దాని చరిత్రలో వందకోట్ల డాలర్లు దాటడం అదే మొదటిసారి. అంత డబ్బు వచ్చిపడిన ఏడాదిలోనే ఈ కుటుంబ సభ్యుడు బరువయ్యాడు. 2022 అక్టోబర్‌లో మళ్లీ పిలిచారు, అభిమానులు ఉప్పొంగిపోయారు, టీషర్టులు అమ్ముడుపోయాయి. పోయాక కుటుంబం అయ్యాడు.

చట్టం దృష్టిలో ఈ రెజ్లర్లు ఎవరికీ కుటుంబం కారు, కనీసం ఉద్యోగులు కూడా కారు. కాంట్రాక్టర్లు. మన ఇంటికి రంగులు వేయడానికి వచ్చే మేస్త్రీకీ వీళ్లకూ కాగితం మీద తేడా లేదు. రింగులో తగిలిన దెబ్బకు సంస్థ వైద్యం చేయిస్తుంది. గుండె జబ్బు, కిడ్నీ జబ్బు, ఇంటి దగ్గర వచ్చిన జ్వరం వీటికి ఇన్సూరెన్స్ వాళ్లే కట్టుకోవాలి. ఊరూరా తిరిగే హోటల్ ఖర్చు, అద్దె కారు ఖర్చు ఏళ్ల తరబడి చాలామంది సొంత జేబులోంచే పెట్టుకున్నారు. పోనీ కాంట్రాక్టర్‌కు ఉండే స్వేచ్ఛ అయినా ఉందా అంటే అదీ లేదు. 2020లో కోవిడ్ కాలంలో కొందరు రెజ్లర్లు వీడియో గేములు ఆడుతూ లైవ్‌లు పెట్టుకుని నాలుగు డబ్బులు సంపాదించుకుంటుంటే, బయటి వేదికలతో అలాంటి ఒప్పందాలు పెట్టుకోవద్దని హుకుం జారీ చేసింది ఇదే సంస్థ. మేస్త్రీ పక్క వీధిలో పని ఒప్పుకుంటే మనం అడ్డుకోగలమా?

1989లో ఇంకో విచిత్రం జరిగింది. న్యూజెర్సీ చట్టసభ ముందు ఈ సంస్థ వాళ్లు ఇది ఆట కాదు, వినోదం మాత్రమే అని తామే ఒప్పుకున్నారు. ఆట అయితే ప్రభుత్వ అథ్లెటిక్ కమిషన్ పర్యవేక్షణ ఉంటుంది, పన్నులుంటాయి. వినోదం అంటే అవేవీ ఉండవు. పర్యవేక్షణ వచ్చినప్పుడు నాటకం, టికెట్ అమ్మేటప్పుడు పోటీ. జీతం దగ్గర కాంట్రాక్టర్, శవం దగ్గర కుటుంబం.

ఈ వరస కొత్తదేం కాదు. బ్రయాన్ పిల్మన్ 35 ఏళ్లకు, యోకోజునా 34కి, బ్రిటిష్ బుల్‌డాగ్ 39కి, ఉమాగా 36కి పోయారు. 2005 నవంబర్‌లో ఎడ్డీ గెరెరో మినియాపొలిస్ హోటల్ గదిలో 38 ఏళ్లకే గుండె ఆగి పోయాక గానీ, 2006 ఫిబ్రవరిలో ఇప్పుడున్న డ్రగ్ పరీక్షల విధానం రాలేదు. 1999 మే 23న కాన్సస్ సిటీలో ఓవెన్ హార్ట్‌ను పైకప్పు నుంచి తాడుతో దింపబోతే జారి రింగులో పడి చనిపోయాడు. ఆ రాత్రి షో ఆపలేదు. మనిషిని ఆసుపత్రికి తీసుకెళ్లాక అదే రింగులో మిగతా పోటీలు ఆడించారు. మర్నాడు కన్నీళ్ల కార్యక్రమం వేశారు. ఈ మరణాలన్నిటికీ కారణం ఒకటే అని మేం అనడం లేదు. ఒక్కొక్కరిదీ ఒక్కో కథ. ప్రతి కథ తర్వాతా జరిగింది మాత్రం ఒకటే. గంట పదిసార్లు కొట్టడం, నల్లటి బ్యాడ్జీ, పాత వీడియోల ముక్కలు, వెనక విషాద సంగీతం. తర్వాతి వారం యథాప్రకారం. 1986లో జెస్సీ వెంచురా అనే రెజ్లర్ (తర్వాత ఈయన మిన్నెసోటా గవర్నర్ కూడా అయ్యాడు) యూనియన్ పెట్టుకుందామని తోటివాళ్లను కూడగట్టబోయాడు. మొగ్గలోనే తుంచేశారు. ఆనాటి నుంచి ఈనాటి దాకా వాళ్లకు యూనియన్ లేదు.

సంస్థ తరఫున చెప్పుకోవాల్సినవీ కొన్ని ఉన్నాయి. పాత రెజ్లర్లు మత్తుకు బానిసలైతే చికిత్స ఖర్చు భరిస్తోంది. బ్రే వ్యాట్ పేరుతో అమ్మే వస్తువుల మీద వచ్చేది అతని కుటుంబానికి ఇస్తామంది. మంచిదే, కాదనం. అయితే ఆ డబ్బు ఎవరిది? బెంగళూరులోనో బోస్టన్‌లోనో టీషర్టు కొనే అభిమానిది. పనిచేయించుకున్నవాడు ఇవ్వాల్సింది, చూసి చప్పట్లు కొట్టినవాడి దగ్గర చందాగా వసూలు చేసి ఇస్తున్నారు. దీన్ని ఔదార్యం అనడానికి మాకు నోరు రావడం లేదు.

అమెరికా గోల మనకెందుకు అని కొందరు పాఠకులకు అనిపించవచ్చు. ఆ గోల మన గుమ్మంలోకి ఎప్పుడో వచ్చేసింది. కోరమంగళలోనో హెచ్‌ఎస్‌ఆర్‌లోనో రాత్రి పదకొండింటికి బిర్యానీ పట్టుకొచ్చే కుర్రాణ్ని అడగండి, ఊరేదని. అనంతపురం అనో, మదనపల్లె అనో, ఆదోని అనో చెబుతాడు. అతను కూడా ఎవరికీ ఉద్యోగి కాడు. యాప్ కంపెనీల భాషలో పార్ట్‌నర్. లాభాల్లో వాటా లేని భాగస్వామ్యం ఇది ఒక్కటే అనుకుంటాం. సెలవు లేదు, పీఎఫ్ లేదు. రేటింగ్ పడిపోతే ఐడీ బ్లాక్ చేస్తారు, ఎందుకని అడగడానికి ఎదురుగా మనిషి ఉండడు. సిల్క్‌బోర్డు దగ్గర వానలో బండి జారి పడితే అదృష్టం బాగుంటే కొంత బీమా వస్తుంది. గదిలో పడుకుని గుండె ఆగితే డ్యూటీలో లేడంటారు. కంపెనీ పేజీలో దీపం బొమ్మతో సంతాపం మాత్రం వస్తుంది. డబ్ల్యూడబ్ల్యూఈ దశాబ్దాలుగా నడుపుతున్న పద్ధతికీ దీనికీ ఏమిటి తేడా?

మా భయమల్లా ఇదే. బతికున్నప్పుడు కాంట్రాక్టర్ అని రాసుకుని, పోయాక కుటుంబం అని ఏడిస్తే చెల్లిపోతుందని ఒకచోట రుజువైతే, అన్నిచోట్లా అదే చేస్తారు. చేస్తున్నారు కూడా. పెద్ద పెద్ద ఐటీ క్యాంపస్‌లలో మెడలో వేరే రంగు ట్యాగు వేసుకుని తిరిగే థర్డ్ పార్టీ ఉద్యోగుల సంగతి ఈ నగరంలో ఎవరికి తెలియదు? పని ఒకటే, సీటు పక్కపక్కనే, ఇన్సూరెన్స్ కార్డులు మాత్రం వేరు.

2023లో రాజస్థాన్ దేశంలో మొదటిసారిగా గిగ్ కార్మికుల కోసం, అంటే ఇలా యాప్‌ల మీద పనిచేసేవాళ్ల కోసం, చట్టం చేసింది. ప్రతి లావాదేవీ మీద సెస్సు వసూలు చేసి సంక్షేమ నిధి పెట్టాలంది. కర్ణాటక 2023 జులై బడ్జెట్‌లో ముఖ్యమంత్రి సిద్ధరామయ్య డెలివరీ కార్మికులకు 4 లక్షల రూపాయల బీమా ప్రకటించారు, అందులో జీవిత బీమా 2 లక్షలు, ప్రమాద బీమా 2 లక్షలు. ప్రీమియం మొత్తం ప్రభుత్వమే కడుతుందట. స్వాగతిస్తున్నాం. అయితే ప్రీమియం కట్టాల్సింది ఆ కుర్రాళ్ల చెమట మీద వ్యాపారం చేసే కంపెనీలా, పన్ను కట్టే జనమా? టీషర్టు లెక్కే ఇక్కడా కనబడుతోంది. కేంద్రం 2020లో సామాజిక భద్రత కోడ్ తెచ్చింది, అందులో గిగ్ కార్మికుడెవరో రాసింది కూడా. అది అమల్లోకి రావడానికి 2025 నవంబర్ దాకా పట్టింది. స్టార్టప్‌ల రాజధాని అని బోర్డు తగిలించుకున్న నగరం ఉన్న కర్ణాటక, రాజస్థాన్ చేసిన పని తాను చేయడానికి 2025 దాకా దేనికోసం చూసినట్టు?

పనిలో పనిగా మన టీవీ, యూట్యూబ్ సోదరులకూ ఒక మాట. చావుకబురు వచ్చి గంట గడవకముందే స్టెరాయిడ్లేనా, జిమ్మే చంపిందా అంటూ థంబ్‌నెయిళ్లు తయారు. 2021 అక్టోబర్‌లో కన్నడ హీరో పునీత్ రాజ్‌కుమార్ 46 ఏళ్లకే పోయినప్పుడు ఇదే బెంగళూరులో ఇదే చూశాం. జిమ్‌కు వెళ్లేవాళ్లంతా హడలిపోయి జయదేవ ఆసుపత్రి ముందు క్యూ కట్టారు. పరీక్షలు చేయించుకోవడం మంచిదే, పుకారుకు భయపడి చేయించుకోవడం వేరు. బ్రే వ్యాట్ చావుకు స్టెరాయిడ్లు కారణమని ఎవరూ తేల్చలేదు. తేల్చని విషయాన్ని పోయినవాడి మీద రుద్దితే బాగుపడేది ఆ సంస్థే. తప్పు అతని ఒంటిదే అయిపోతుంది, పని పద్ధతిని అడిగేవాడుండడు.

ఆ వారమే, ఒలింపిక్ కుస్తీని నడిపే ప్రపంచ కుస్తీ సమాఖ్య మన దేశ కుస్తీ సమాఖ్యను సస్పెండ్ చేసింది, సకాలంలో ఎన్నికలు జరపలేదని. వేధింపుల మీద జంతర్‌మంతర్ దగ్గర కూర్చున్న మన ఒలింపిక్ కుస్తీ అమ్మాయిలను మే 28న పోలీసులు ఈడ్చుకెళ్తుంటే, ఇప్పుడు లాంతరు ఫొటోలు పెట్టిన స్టేటస్‌లలో ఎన్నింటిలో ఆ ఫొటో కనిపించింది? కోడి రామమూర్తినాయుడు మావాడని ఛాతీ విరుచుకునే తెలుగువాళ్లం, బతికున్న మల్లుల పక్కన నిలబడాల్సివచ్చేసరికి నెట్‌వర్క్ పోయిందా?

2023 సెప్టెంబర్ 8న హైదరాబాద్ గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో డబ్ల్యూడబ్ల్యూఈ షో పెట్టారు. జాన్ సీనా వచ్చాడు. ఆరేళ్ల తర్వాత దేశానికి వచ్చిన షో అది. ఇలాంటి షో వస్తే బెంగళూరు నుంచి బస్సులు నిండిపోతాయి, మడివాళ దగ్గర ఆ రోజు సీటు దొరకదు. వెళ్లండి, చూడండి, అరవండి. బ్రే వ్యాట్ కోసం లైట్లూ వెలిగించండి. కానీ అంత అభిమానం పొంగే గుండెలకు, రింగులో దొర్లుతున్న ఈ మనిషికి రేపు జబ్బు చేస్తే బిల్లు ఎవరు కడతారన్న ప్రశ్న ఒక్కసారైనా ఎందుకు రాదు? కంపెనీ ఖాతా కింద వేల కామెంట్లు పెట్టారు, అన్నీ విరిగిన గుండె బొమ్మలే. 2021లో ఎందుకు తీసేశారని అడిగినవి వెతికినా దొరకడం కష్టం. వాళ్లకు కావాల్సిన అభిమాని సరిగ్గా ఇలాంటివాడే. ఏడుస్తాడు, కొంటాడు, అడగడు.

షో చూసి తిరిగొచ్చిన రాత్రి ఆకలేసి ఫోన్లో భోజనం ఆర్డర్ పెడతారు. ఆ కుర్రాడు ట్రాఫిక్‌లో చిక్కుకుని పది నిమిషాలు ఆలస్యంగా వస్తే, దయచేసి ఆ ఒంటి స్టార్ నొక్కకండి. అతని రేపటి కూలి ఆ స్టార్ మీదే ఉందని మీకు తెలుసు. తెలిసే నొక్కుతున్నారు.