మహారాజశ్రీ ఆటోప్లే గారి సముఖానికి

అయ్యా,

పాటల యాప్‌లో ఆల్బమ్ ముగియగానే, అడగకపోయినా తమకు తోచిన పాట పెట్టే తమరి సేవాతత్పరతకు ముందుగా నమస్కారాలు. తమరు నాకు వద్దని సెట్టింగుల్లోకి వెళ్లి మరీ మనవి చేసుకున్నాను. యాప్ అప్‌డేట్ అయిన శుభసందర్భాన్ని పురస్కరించుకుని, ఎవరూ పిలవకుండానే తిరిగి కొలువుదీరారని ఇవాళే తెలిసింది. మధ్యాహ్నాన్ని కొన్ని ఆల్బమ్‌లకు కేటాయించుకుంటే, తమరు దాన్ని తమ ఖాతాలో వేసుకున్నారు.

రేడియోహెడ్ బృందం వారి 'ఓకే కంప్యూటర్'తో మొదలుపెట్టాను. 1997 నాటి ఆ ఆల్బమ్‌లో కంప్యూటర్ గొంతుతో చదివించిన ముక్కను నేను ఇప్పటికీ దాటవేస్తాను. చివరి పాటను మాత్రం వదలను. కాస్త నెమ్మదించవయ్యా అని ఒక మనిషిని బతిమాలే పాట అది. వాయిద్యాలన్నీ సద్దుమణిగి, ఆఖరున ఒక చిన్న గంట 'టింగ్' మంటుంది. ఆ టింగు ఇంకా చెవిలో ఉండగానే తమరు డప్పులు వాయించుకుంటూ విచ్చేశారు. ఎంతటి సమయస్ఫూర్తి!

మై బ్లడీ వాలెంటైన్ వారి 'లవ్‌లెస్' (1991) పాటల వరసను కలగాపులగం చేసే షఫుల్ గారి పాలబడింది. పాటకూ పాటకూ మధ్య చిన్న చిన్న అతుకులు వేసి కూర్చిన ఆల్బమ్‌ను ఆయన పీలికలు చేశారు. ఆయన తమరి తమ్ముడే కాబోలు. ఆయన సంగతి విడిగా చూసుకుంటాను. స్ట్రోక్స్ వారి 'ఈజ్ దిస్ ఇట్' (2001) విషయంలో ఫిర్యాదు లేదు. 36 నిమిషాల్లో పని ముగించుకుని పోయే గడుసు ఆల్బమ్ అది, వెనక ఎవరు దూరినా లెక్కచేయదు.

అసలు నేరం తర్వాత జరిగింది. న్యూట్రల్ మిల్క్ హోటల్ వారి 'ఇన్ ది ఏరోప్లేన్ ఓవర్ ది సీ', 1998. వారి గాయకుడు జెఫ్ మాంగమ్ గొంతు శ్రుతి తప్పుతూనే ఉంటుంది, నాకు ఆ గొంతు మీద నమ్మకం కుదిరేది కూడా అక్కడే. (ఆ ఆల్బమ్ భక్తబృందం వేరే తలనొప్పి.) ముగింపుకు వచ్చేసరికి మాంగమ్, ఆయన గిటారు తప్ప ఇంకెవరూ మిగలరు. పాట ఆగుతుంది. ఆయన గిటారు పక్కన పెట్టి, లేచి నడిచి వెళ్లిపోవడం వినిపిస్తుంది. ఆ చప్పుడును చెరిపేయకుండా ఉంచారు. మనిషి వెళ్లిపోయాక ఆ గదిలో మనం ఇంకాసేపు ఉండిపోతాం. నన్ను ఉండనిచ్చారా? ఆయన అడుగు బయటపడిందో లేదో, ఎవరో కుర్రవాడు ఉకులేలే మీటుతూ, చప్పట్లు కొట్టిస్తూ లోపలికి వచ్చేశాడు. అతను నాకు నచ్చుతాడట!

నిర్వాణ వారి 'నెవర్‌మైండ్' (1991) సీడీల్లో, తొలి విడత కాపీలు మినహా, చివరి పాట తర్వాత సుమారు 10 నిమిషాల మౌనం ఉంది. ఆ తర్వాతే దాచిన పాట పేలుతుంది. కొంటెతనమే కావచ్చు, కానీ జనం ఆ మౌనాన్ని కూడా డబ్బు పెట్టి కొనుక్కున్నారు. తమరికి పది సెకన్లు ఊరుకోవడానికి ఏం అడ్డం వచ్చింది?

ఇక మర్యాద చాలు. స్లింట్ వారి 'స్పైడర్‌లాండ్', 1991, ఆరే పాటలు. అందులో గాయకుడు చాలాసేపు పాడడు, గొణుగుతాడు. ఆ గొణుగుడే చివరి పాట చివరికి అరుపవుతుంది. ఎవరి కోసమో గొంతు చించుకుంటాడు. నాకు వెన్నులో ఇంకా వణుకు తగ్గలేదు. నువ్వేం పెట్టావు? ఈలపాట! బీచ్ పార్టీలో వేసుకునే ఈలపాట! నీకు చెవులు లేవు, సరే. సిగ్గయినా లేదా? చావు ఇంటి గుమ్మంలో బ్యాండుమేళం దింపేవాడు కూడా ముందు తొంగి చూస్తాడు.

ఇంటి పని చేసుకునేటప్పుడు రా, నీ ఇష్టమొచ్చింది పెట్టు, కాదనను. ఒకటి రెండు మంచి బృందాలు నీ పుణ్యమా అని పరిచయమైన మాట కూడా నిజమే. ఆల్బమ్ ముగిశాక మాత్రం నోరు మూసుకో. ఇప్పుడే నిన్ను మళ్లీ ఆపేశాను. వచ్చే అప్‌డేట్‌కు పళ్లికిలించుకుంటూ వస్తావని తెలుసు.

ఇట్లు,
తనకు ఏం నచ్చుతుందో తమరిని ఎన్నడూ అడగని శ్రోత